మసాలాలోని రాతిపువ్వు, మచ్చల సాలమాండర్: పోల్చి చూద్దాం



ఈ నెల సైన్స్ పేజీలో రెండు జీవులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఇప్పటికే మీ వంటింటి డబ్బాలో ఉండొచ్చు. మన యాకుత్‌పురా కిరాణా కొట్లలో "పత్థర్ కే ఫూల్" అని అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. తెలుగులో రాతిపువ్వు అంటాం. నిహారీలో వేసే పొట్లీ మసాలాలో వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులతో పాటు ఇది కూడా ఉంటుంది. బిర్యానీ మసాలా ఇంట్లోనే దంచుకునేవాళ్లకు దీని వాసన బాగా తెలుసు.

రెండోది మనలో చాలామంది ఎప్పుడూ చూడని జంతువు: మచ్చల సాలమాండర్. అమెరికా, కెనడా దేశాల తూర్పు భాగంలోని అడవుల్లో ఉంటుంది. నల్లటి ఒళ్లు, వీపు మీద రెండు వరుసల్లో పసుపు పచ్చని చుక్కలు. పొడవు 15 నుంచి 25 సెంటీమీటర్లు. చూడగానే పిల్లలు "బల్లి" అంటారు. కానీ ఇది బల్లి కాదు, కప్పల బంధువు.

"ఒకటి మసాలా దినుసు, ఇంకొకటి జంతువు. వీటిని పోల్చడం ఏమిటి? ఇది సిలబస్‌లో ఉందా?" అని మీరు అడగొచ్చు. రెండు ప్రశ్నలూ సబబైనవే. సిలబస్ సంగతి ముందు చెప్పి, అసలు విషయంలోకి వెళ్తాను.

సిలబస్‌లో ఎక్కడుంది?

లైకెన్ అనే మాట పిల్లలకు చిన్న క్లాసుల్లోనే, మొక్కలు ఆహారం ఎలా సంపాదించుకుంటాయో చెప్పే పాఠంలో పరిచయమవుతుంది. రాతిపువ్వు ఒక లైకెన్. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీలో జీవుల వర్గీకరణ పాఠంలో లైకెన్‌లు మళ్లీ వస్తాయి. అదే పుస్తకంలో జంతు ప్రపంచం పాఠంలో ఉభయచరాలకు ఉదాహరణగా సాలమాండర్ పేరు ఉంటుంది. పన్నెండో తరగతిలో పరస్పర లాభం గురించి చెప్పేటప్పుడు మళ్లీ లైకెనే ఉదాహరణ. నీట్ రాయాలనుకునే పిల్లలు ఈ మూడు చోట్లనూ చదవక తప్పదు.

అన్నిచోట్లా పిల్లలు బట్టీ పట్టే వాక్యం ఒకటే: "లైకెన్‌లో ఫంగస్, ఆల్గే కలిసి జీవిస్తాయి, రెండూ లాభపడతాయి." మార్కు వస్తుంది. కానీ "రెండూ లాభపడతాయని ఎలా తెలుసు?" అని అడిగితే క్లాసు మొత్తం నిశ్శబ్దం. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే సాలమాండర్‌ను తెచ్చి రాతిపువ్వు పక్కన పెడుతున్నాం.

మీరు తెలుగు మీడియంలో చదువుకుని ఉంటే ఆల్గేను శైవలాలనీ, ఫంగస్‌ను శిలీంధ్రమనీ చదివి ఉంటారు. మంచినీళ్ల తొట్టిలో పచ్చగా పట్టేది ఆల్గే. రొట్టె మీద బూజు, వానాకాలం పుట్టగొడుగు రెండూ ఫంగస్ కుటుంబానివే. ఈ తేడా తెలిస్తే చాలు, మిగతాది సులువే.

రాతిపువ్వు: పువ్వూ కాదు, రాయీ కాదు

మనం మసాలాలో వాడే రాతిపువ్వుకు శాస్త్రీయ నామం పార్మోట్రెమా పెర్లేటం. అంగట్లో దొరికే పొట్లంలో దీనితో పాటు దీని దగ్గరి బంధువులు కూడా కొన్ని కలిసి ఉంటాయి. కొండ ప్రాంతాల్లో చెట్ల బెరడు మీద, బండల మీద పెరిగినదాన్ని సేకరించి, ఎండబెట్టి అమ్ముతారు. దీనికి వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వు అసలే లేదు.

ఒక ముక్కను చేతిలోకి తీసుకోండి. పైవైపు బూడిద రంగు, కిందివైపు నలుపు. కాగితంలా పలచగా ఉన్నా లోపల పొరలున్నాయి. పైన గట్టి చర్మం లాంటి పొర, అది ఫంగస్‌దే. దాని కిందే పలచని పచ్చటి వరుస, అక్కడ ట్రెబూక్సియా అనే ఏకకణ ఆల్గే ఉంటుంది. ఆ కింద దూదిలా వదులుగా అల్లుకున్న తెల్లటి దారాలు, అవీ ఫంగస్‌వే. అడుగున నల్లటి పొర. ఇంటి గోడలూ కప్పూ అన్నీ ఫంగస్ కడితే, మధ్య గదిలో కూర్చుని వంట చేసేది ఆల్గే అన్నమాట.

ఆ వంటే ఫోటోసింథసిస్, అంటే కిరణజన్య సంయోగక్రియ. ఎండ, నీరు, కార్బన్ డయాక్సైడ్‌తో ఆల్గే ఆహారం తయారు చేస్తుంది. అందులో పెద్ద భాగం రిబిటాల్ అనే చక్కెర లాంటి పదార్థంగా ఫంగస్‌కు చేరుతుంది. ఫంగస్ తన వంతుగా ఎండ తీవ్రత నుంచి కాపు కాస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది, బండ మీద నిలబడడానికి చోటు ఇస్తుంది.

ఈ రహస్యాన్ని మొదట బయటపెట్టినది సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త. లైకెన్ ఒక జీవి కాదు, రెండు జీవుల కాపురమని ఆయన 1867లో ప్రకటించాడు. అప్పటివరకు దాన్ని ఒక మొక్కగానే లెక్కపెట్టేవారు. లైకెన్‌ల మీద జీవితమంతా పనిచేసిన పెద్దలే ఆయన మాట నమ్మలేదు. వారిలో విలియం నైలాండర్ ఒకరు. పారిస్‌లోని లక్సంబర్గ్ తోటలో లైకెన్‌లను గమనించి, గాలి ఎంత శుభ్రంగా ఉందో ఇవి చెప్పగలవని 1866లోనే రాసిన మనిషి ఆయన. అంత చురుకైన చూపున్నవాడు కూడా ష్వెండెనర్ మాటను చివరి వరకు ఒప్పుకోలేదు. ఒక విషయంలో ఎంత పండితుడైనా ఇంకో విషయంలో పొరబడవచ్చని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంకో సంగతి. ష్వెండెనర్ దీన్ని స్నేహం అని పిలవలేదు. ఫంగస్ యజమాని, ఆల్గే దానికి బానిస అన్నాడు. "రెండూ లాభపడతాయి" అనే వాక్యం తర్వాత వచ్చింది. ఈ వాదన నేటికీ పూర్తిగా తేలలేదు. దానికితోడు 2016లో ఇంకో మలుపు వచ్చింది. టోబీ స్ప్రిబిల్, ఆయన సహచరులు చాలా లైకెన్‌ల పై పొరలో మూడో జీవిని, ఒక రకం ఈస్ట్‌ను కనిపెట్టారు. నూట యాభై ఏళ్లుగా ఇద్దరే అనుకున్న ఇంట్లో మూడో మనిషి ఉన్నట్లు తేలింది.

సాలమాండర్: గుడ్డులోకి వచ్చిన పచ్చదనం

ఇప్పుడు రెండో జీవి దగ్గరికి వద్దాం. మచ్చల సాలమాండర్ ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపల, ఆకుల కింద గడుపుతుంది. చలికాలం ముగిసి మొదటి వెచ్చటి వానలు పడిన రాత్రి గుంపులుగా బయటికి వచ్చి వానగుంటల వైపు నడుస్తాయి. ఆ గుంటలు వేసవిలో ఎండిపోతాయి కాబట్టి వాటిలో చేపలుండవు. గుడ్లకు భద్రం.

గుడ్లు ఎలా ఉంటాయో పిల్లలకు చెప్పాలంటే ఫలూదాలో వేసే సబ్జా గింజలను నీళ్లలో నానబెట్టి చూపించండి. నడుమ నల్లటి గింజ, చుట్టూ స్వచ్ఛమైన జెల్లీ. అచ్చం అలాంటివే పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు మించి, ఒకే జెల్లీ ముద్దలో ఉంటాయి. ఆ ముద్ద గట్టిగా ఉండడం వల్ల గుడ్లు చెదిరిపోవు. కానీ దానివల్లే ఒక చిక్కు వస్తుంది. మధ్యలో ఉన్న గుడ్లకు నీటిలోని ఆక్సిజన్ సరిగా అందదు.

కొన్నాళ్లకు ఆ గుడ్లు పచ్చగా మారతాయి. 1888లోనే హెన్రీ ఆర్ అనే శాస్త్రవేత్త ఈ పచ్చదనం గురించి రాశాడు. ఆ పచ్చదనం ఒక ఆల్గే. దాని పేరు ఊఫిలా. గ్రీకు మాటలను బట్టి ఆ పేరుకు "గుడ్డును ఇష్టపడేది" అని అర్థం. పిండం వదిలే వ్యర్థంలో నైట్రోజన్ ఉంటుంది, అది ఆల్గేకు ఎరువు. పిండం వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా దానికి పనికొస్తుంది. బదులుగా పగటిపూట ఆల్గే ఆక్సిజన్ వదులుతుంది. ఎండలో గుడ్డు లోపల ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది, చీకటి పడ్డాక పడిపోతుంది.

మరి నిజంగా లాభం ఉందని ఎలా తెలిసింది? 1940లలో పెర్రీ గిల్బర్ట్ అనే పరిశోధకుడు చేసిన పని మన పిల్లలకు అర్థమయ్యేంత సరళమైనది. గుడ్లను రెండు భాగాలు చేయాలి. కొన్నింటిని వెలుతురులో, ఆల్గేతో పెరగనివ్వాలి. కొన్నింటిని ఆల్గే పెరగకుండా చీకటిలో ఉంచాలి. తర్వాత రెండింటినీ పోల్చాలి. ఆల్గే ఉన్న గుడ్లలో పిండాలు మెరుగ్గా బతికాయి, బాగా ఎదిగాయి. పోలిక అంటే ఇదీ. రెండు గుంపులు, వాటి మధ్య ఒక్క తేడా. నిజానికి ఇక్కడ తేడాలు రెండున్నాయి, వెలుతురు ఒకటి, ఆల్గే ఒకటి. "లాభం ఆల్గే వల్లనా, వెలుతురు వల్లనా?" అని మీ పాప అడిగితే మెచ్చుకోండి. ఆ అనుమానం వచ్చిన పిల్ల పోలిక అంటే ఏమిటో పట్టుకున్నట్లే. వెలుతురులోనే ఉంచి, ఆల్గే లేని గుడ్లను కూడా పక్కన పెట్టి చూడాలన్నది ఆమె తనంతట తానే చెప్పగలదు.

2011లో కథ మారింది. రయన్ కెర్నీ, ఆయన సహచరులు ఈ ఆల్గే గుడ్డు జెల్లీలోనే కాదు, పిండం శరీర కణాల లోపల కూడా ఉందని చూపించారు. వెన్నెముక ఉన్న ఏ జంతువు కణాల్లోనైనా ఆల్గే ఇలా కాపురం ఉండడం అప్పటివరకు ఎవరూ చూడలేదు. మన శరీరం లాంటి శరీరానికి బయటి జీవిని గుర్తించి తరిమే రక్షణ వ్యవస్థ ఉంటుంది. ఇక్కడ అది ఊరుకుంది. తల్లి సాలమాండర్ గర్భనాళాల్లో కూడా ఆల్గే డీఎన్‌ఏ దొరికింది. కాబట్టి తల్లి నుంచే పిల్లలకు అందుతుండవచ్చని ఒక ఊహ.

పిల్లలు ఇంటర్‌నెట్‌లో "ఎండతో బతికే సాలమాండర్" లాంటి వీడియోలు చూస్తారు. అది అతిశయోక్తి. గుడ్డులో ఉన్నప్పుడు కొంత సాయం అందుతుంది, అంతే. ఎదిగిన సాలమాండర్ వానపాములనూ పురుగులనూ తిని బతుకుతుంది.

ఇంకా ముఖ్యమైన మాట 2017లో వచ్చింది. కణాల లోపలికి వెళ్లిన ఆల్గే ఎలా ఉందో పరిశోధకులు దాని జన్యువుల పనితీరును బట్టి చదివారు. జెల్లీలో హాయిగా ఉన్న ఆల్గే, కణం లోపల ఒత్తిడిలో పడింది. ఫోటోసింథసిస్ తగ్గించి, ఆక్సిజన్ లేనప్పుడు జీవులు బతికే పద్ధతిలోకి మారింది. సాలమాండర్ కణాలకు మాత్రం పెద్దగా ఇబ్బంది లేదు. అంటే జెల్లీలో చూస్తే ఇద్దరికీ లాభం, కణం లోపల చూస్తే ఆ మాట అంత ధీమాగా అనలేం. ఒకే జంట, రెండు చోట్ల రెండు లెక్కలు.

ఐదు ప్రశ్నలతో పోలిక

పరీక్షలో "తేడాలు రాయండి" అంటే పిల్లలు గీత గీసి, ఎడమవైపు "ఇది జంతువు", కుడివైపు "ఇది జంతువు కాదు" అని రాస్తారు. తప్పు కాదు గానీ దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. ముందు ఒక ప్రశ్న పెట్టుకుని, ఆ ప్రశ్నకు రెండింటి నుంచీ జవాబు రాబట్టాలి. ఇలా:

1. ఆల్గే ఎక్కడుంటుంది? రాతిపువ్వులో ఫంగస్ దారాల మధ్య ఉంటుంది. ఆ దారాలు ఆల్గే కణాలను హత్తుకుని ఉంటాయి. సాలమాండర్‌లో గుడ్డు జెల్లీలో ఉంటుంది, పిండం కణాల లోపలికి కూడా చేరుతుంది.

2. ఏమి ఇస్తుంది? రాతిపువ్వులో ముఖ్యంగా ఆహారం. సాలమాండర్‌లో ముఖ్యంగా ఆక్సిజన్, కొంత ఆహారం కూడా అందుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

3. ఎంతకాలం? రాతిపువ్వులో కాపురం జీవితాంతం. విడదీసి ల్యాబ్‌లో పెంచితే ఫంగస్ ఆకారం లేని ముద్దగా పెరుగుతుంది, ఆ "పువ్వు" రూపం రాదు. సాలమాండర్‌లో గుడ్డు దశ ఒకటి రెండు నెలలే. సాలమాండర్ ఇరవై ఏళ్లు బతకగలదు. అంత జీవితంలో ఈ తోడు ఆరంభంలోనే.

4. తర్వాతి తరానికి ఎలా వెళ్తుంది? రాతిపువ్వు అంచుల్లో పిండిలా రాలే రేణువులు ఉంటాయి. ఒక్కో రేణువులో కొంచెం ఫంగస్, కొంచెం ఆల్గే. కొత్త చోట వాలితే ఇద్దరూ కలిసే మొదలుపెడతారు. సాలమాండర్‌లో తల్లి నుంచి రావచ్చు, గుంట నీటి నుంచి రావచ్చు.

5. ఎండిపోతే? రాతిపువ్వు పెళపెళలాడేంత ఎండినా చావదు, తడి తగిలితే మళ్లీ పని మొదలుపెడుతుంది. 2005లో యూరప్ అంతరిక్ష సంస్థ రెండు జాతుల లైకెన్‌లను అంతరిక్షంలో దాదాపు పదిహేను రోజులు బయట ఉంచి తెచ్చింది. అవి బతికే వచ్చాయి. సాలమాండర్ చర్మం ఆరితే ప్రాణం పోతుంది.

ఈ ఐదు ప్రశ్నలూ వేరే జంటలకు కూడా పనికొస్తాయి. పప్పుజాతి మొక్క వేరు బొడిపెల్లోని బ్యాక్టీరియాకు వేసి చూడమనండి. ఆ పాఠం కూడా అర్థమైపోతుంది.

రెండింటికీ ఒకే బలహీనత

ఇంత తేడా ఉన్న రెండు జీవులకు ఒక పోలిక మాత్రం చాలా దగ్గరగా ఉంది. రెండింటికీ ఒంటి మీద గట్టి కాపు లేదు. మొక్క ఆకు మీద మైనం పూత ఉంటుంది, లైకెన్‌కు అది లేదు. వేర్లు లేవు కాబట్టి నీరూ లవణాలూ గాలి నుంచీ వాన నుంచీ నేరుగా పీల్చుకుంటుంది. వాటితో పాటు గాలిలోని విషాన్ని కూడా. సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువైన చోట చాలా లైకెన్‌లు బతకలేవు. ఇంటర్ పుస్తకంలో "లైకెన్‌లు కాలుష్య సూచికలు" అని ఒక్క వాక్యంలో ఉండేది ఇదే. సాలమాండర్, కప్ప కూడా తడి చర్మం గుండానే చాలావరకు గాలి పీల్చుకుంటాయి. నీటిలో ఏది కలిసినా ముందు తగిలేది వాటికే.

ఇక్కడే ఒక విచిత్రం. రాతిపువ్వుకు ఇల్లు కట్టి పెట్టింది ఫంగస్. సాలమాండర్‌లకు ఇప్పుడున్న పెద్ద శత్రువుల్లో ఒకటి కూడా ఫంగస్సే. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్‌లు ఉన్నట్టుండి దాదాపు తుడిచిపెట్టుకుపోతే, చర్మాన్ని తినేసే ఒక కొత్త ఫంగస్ కారణమని 2013లో తేల్చారు. నీట్ పుస్తకంలో "సాలమాండ్రా" అని పేరున్నది ఈ ఫైర్ సాలమాండర్ జాతి జంతువే. ఆ జబ్బు తమ దేశానికి రాకూడదని అమెరికా 2016లో 201 జాతుల సాలమాండర్‌ల దిగుమతి మీద నిషేధం పెట్టింది. కాబట్టి "ఫంగస్ మంచిదా చెడ్డదా?" అని పిల్లలు అడిగితే, ఎవరితో, ఎక్కడ అని తిరిగి అడగండి.

మన దగ్గర ఏమున్నాయి?

తెలంగాణలో సాలమాండర్‌లు లేవు. మన దేశంలో ఇవి డార్జిలింగ్ వైపు, ఈశాన్య కొండల్లో మాత్రమే ఉన్నాయి. డార్జిలింగ్ ప్రాంతపు సాలమాండర్‌ను 2015లో టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అనే ప్రత్యేక జాతిగా గుర్తించారు. మనకు దాని బంధువులు కప్పలే. తొలకరి తర్వాత ఖాళీ స్థలాల్లో నిలిచిన నీటిలో జెల్లీ గుడ్లూ, తోకకప్పలూ కనబడితే పిల్లలకు చూపించండి. తాకనక్కర్లేదు. "మురికి గుంట" అని మనం అనుకున్న చోటే వాటి ప్రసూతి గది. దోమలు పెరిగే నీటిని ఇంటి దగ్గర ఉంచుకోమని నేను చెప్పడం లేదు. డ్రమ్ముల్లో, పూలకుండీల్లో నిలిచిన నీరు పారబోయాల్సిందే. కప్పలు గుడ్లు పెట్టే వానగుంట వేరు, కుండీ అడుగున నిలిచిన నీరు వేరు. ఈ తేడా కూడా పిల్లలకు ఒక పాఠమే.

లైకెన్ కోసం మాత్రం దూరం పోనక్కర్లేదు. మన నగరం గ్రానైట్ బండల మీద కూర్చుంది. గోల్కొండ వైపు వెళ్లినా, మౌలా అలీ గుట్ట ఎక్కినా పాత బండల మీద బూడిద, నలుపు, పసుపు రంగు పట్లు కనబడతాయి. వాటిలో చాలావరకు బండకు పెంకులా అతుక్కుని పెరిగే లైకెన్‌లు. ఏడాదికి మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో పెరిగేవి చాలా ఉన్నాయి. రూపాయి బిళ్లంత పట్టు మీ బాబు కంటే పెద్దది కావచ్చు. అందుకే గీకవద్దు, పేర్లు చెక్కవద్దు. ఆదివారం మీరు వెళ్తే మన గల్లీలోని చెట్టు బెరడును, జూ పార్కులోని చెట్టు బెరడును కూడా చూసి పోల్చమనండి. ఎక్కడ ఎక్కువ పట్లున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోమనండి. రెండు చెట్లు చూసి గాలి గురించి తీర్పు చెప్పలేం. బెరడు రకం, నీడ, తేమ కూడా లెక్కలోకి వస్తాయి. ఎందుకు చెప్పలేమో రాయగలిగితే ఆ ప్రాజెక్టు పూర్తయినట్లే.

ఇంట్లో చేసి చూడండి

కావలసినవి: రెండు మూడు రాతిపువ్వు ముక్కలు, గిన్నెలో నీళ్లు, భూతద్దం.

ఒక ముక్కను పొడిగానే ఉంచండి. ఇంకోదాన్ని పది నిమిషాలు నీళ్లలో వేయండి. పెళుసుగా విరిగేది తోలులా మెత్తబడుతుంది. రెండింటి రంగు, బరువు, వంగే తీరు పిల్లలే రాయాలి. తర్వాత మీరు, పెద్దవాళ్లే, తడి ముక్క పై పొరను సూదితో మెల్లగా గీరండి. కొత్త సరుకైతే పలచని పచ్చదనం, దాని కింద తెల్లటి దూది పొర భూతద్దంలో కనబడతాయి. సరుకు బాగా పాతదైతే పచ్చదనం వెలిసిపోయి ఉంటుంది. అప్పుడు "కనబడలేదు" అనే రాయించండి. చూడనిది చూసినట్లు రాయడం కంటే అది మేలు.

ఒక జాగ్రత్త. వంటకు వాడేది అంగట్లో కొన్న సరుకే. బండల మీద, చెట్ల మీద కనబడిన లైకెన్‌ను తెచ్చి కూరలో వేయకూడదు. కొన్ని జాతులు విషపూరితం.

ఇంకో చిన్న ముచ్చట. స్కూలు ల్యాబ్‌లో ఆమ్లం, క్షారం పరీక్షించే లిట్మస్ కాగితం ఉంటుంది కదా. ఆ రంగును మొదట తీసింది కూడా లైకెన్‌ల నుంచే. నిమ్మరసంలో నీలి లిట్మస్ ఎర్రబడడం చూసిన పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

మీ పిల్లలను అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఒకటి: "రెండూ లాభపడతాయి" అని ఎవరైనా అంటే దాన్ని పరీక్షించడానికి నువ్వు ఏం చేస్తావు?

రెండు: రాతిపువ్వులోని ఆల్గే యజమాని ఇంట్లో ఉందా, స్నేహితుడి ఇంట్లో ఉందా? నీకు ఏ ఆధారం కావాలి?

మూడు: సాలమాండర్ కణం లోపలి ఆల్గేకు లాభమా, నష్టమా? జెల్లీలో ఉన్నదానికీ ఇదే జవాబా?

వీటికి కీ ఇవ్వడం లేదు, ఎందుకంటే రెండో ప్రశ్న మీద శాస్త్రవేత్తలే ఇంకా వాదించుకుంటున్నారు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న వాక్యమే రాయమనండి, మార్కు పోకూడదు. దాని కింద ఇంకో వాక్యం కలిపితే చాలు: "ఈ లాభం ఎంత, ఎవరికి అనేది చోటును బట్టి, దశను బట్టి మారుతుంది." ఎందుకలా రాశావని అడిగితే సాలమాండర్ గుడ్డు కథ చెప్పగలిగితే, ఆ పిల్లవాడికి పాఠం వచ్చినట్లే.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు పిల్లలు రాసుకున్న పరిశీలన పేజీ తెప్పించండి. అక్షరాలు బాగాలేకపోయినా, "కనబడలేదు" అని రాసి ఉన్నా ఫర్వాలేదు. ఇంట్లో రాతిపువ్వు మిగిలితే రెండు ముక్కలు ల్యాబ్‌కు పంపండి. మైక్రోస్కోప్ కింద పెట్టి అందరికీ చూపిస్తాం. మీరూ ఒకసారి చూసి వెళ్లండి.